ఆశీర్వాదానికి ముందే లేచినవాళ్లు

ఆళ్లగడ్డ,
జూన్ 10.

షాలూ,

ప్రభువు దయవల్ల నీ అత్త దెబోరా బాగానే ఉంది, మోకాళ్లు తప్ప. మీ నాయన కూడా బాగున్నాడు. ఈ మధ్య ఇంట్లో కంటే బయటే ఎక్కువ ఉంటున్నాడు.

ఆదివారం ఫోనులో నిన్నొకటి అడగాలనుకున్నాను. మీ హాస్టల్ వాళ్లు బీరువాలోంచి ఫోన్లు తీసిచ్చేదే కాసేపు. ఆ కాసేపూ మీ నాయన స్పీకరు పెట్టుకుని హాల్లో కూర్చుంటాడు. అందుకే ఉత్తరం. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటర్లో ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

సండే స్కూల్లో పిల్లలకు ఓడెక్కి అమెరికా పోయిన భక్తుల కథ చెప్పాను. రాజుగారి గుడి మాకొద్దు, మా ఇష్టప్రకారం దేవుణ్ణి కొలుచుకుంటాం అని పోయారే, వాళ్ల కథ. అంతా విని ఒక పిల్ల లేచింది. "గుడి వదిలి పోవచ్చా టీచర్? ఆశీర్వాదం అయ్యేదాకా ఎవురూ లేయగూడదని నువ్వే అంటివే" అన్నది. నిజమే. మన గుడిలో అయ్యగారు చేతులెత్తి ఆశీర్వాదం చెప్పేదాకా పిల్ల ఏడ్చినా తల్లి లేవదు. వచ్చే వారం చెప్తానని కూర్చోబెట్టాను.

నువ్వు లెక్చరర్ పరీక్షకు అమెరికా చరిత్ర చదువుతున్నావు కదా. వాళ్లు పోయింది ఒప్పా తప్పా, ఒక్క మాటలో రాయి. పరుపు కింద పెట్టుకున్న కారప్పొడి అయిపోతే చెప్పు.

అత్త

నంద్యాల,
జూన్ 18.

అత్తా,

ఒక్క మాటలో రాయమన్నావు. చరిత్ర పేపర్లో ఒక్క మాటకు అర మార్కు కూడా పడదు.

ముందు నీ భక్తులే మొదట పోయారనుకోవద్దు. పదమూడేళ్ల ముందే వర్జీనియాలో ఒక గుంపు దిగింది. వాళ్లు దేవుడి కోసం పోలేదు, బంగారం కోసం పోయారు. బంగారం దొరక్క పొగాకు వేశారు. 1619లో ఆ తీరానికే ఒక ఓడలో ఆఫ్రికా మనుషులను అమ్మడానికి తెచ్చి దింపారు. ఆ మరుసటి ఏడు నీ భక్తుల ఓడ వచ్చింది. మొదటి చలికాలంలోనే సగంమంది చచ్చిపోయారు. మిగిలినవాళ్లకు ఆ నేలమీది మనిషే గుంతలో చేపలు వేసి మొక్కజొన్న నాటడం నేర్పాడు. పంట వచ్చాక అందరూ కలిసి తిన్నారు. పంట తెచ్చి గుడిలో పెట్టే మన కృతజ్ఞతల పండుగలాంటిదే.

ఇక్కడికి ఆపేస్తే నీ క్లాసుకు సరిపోతుంది. కానీ యాభై ఏళ్లు గడిచాక ఆ భక్తుల పిల్లలే ఆ నేలవాళ్లతో యుద్ధం చేసి, వాళ్ల నాయకుడి తల నరికి కొయ్యకు గుచ్చి ఊరి ముందు నిలబెట్టారు. భక్తుల వెనకే వచ్చిన ఇంకో గుంపు తమకు స్వేచ్ఛ కావాలన్నది, మళ్లీ వేరేగా మొక్కినవాళ్లను ఊళ్లోంచి తరిమింది.

పోవడం ఒప్పే అనిపిస్తుంది. పోయాక చేసింది చూస్తే తల తిరుగుతుంది. ఇది నా జవాబు. మాకు చరిత్ర చెప్పే ప్రేమ్ సాగర్ సార్ అయితే దీనికి సున్నా వేస్తాడు.

కారప్పొడి అయిపోయింది. నా రూమ్‌మేట్ తస్నీమ్ సగం తినేసింది.

షాలిని

ఆళ్లగడ్డ,
జూలై 2.

షాలూ,

నిన్ను నీళ్లడిగితే కాలువ తవ్వించావు. పిల్లలకు మొక్కజొన్న దాకా చెప్పి ఆపేశాను. ఆ తల సంగతి చెప్పి వాళ్లకు నిద్ర లేకుండా చేయమంటావా.

ఇప్పుడు ఇంకొకటి. అమెరికా వాళ్లు ఇంగ్లాండు రాజు మీద తిరగబడింది పన్నుల గురించే కదా. దుడ్లు మేమిచ్చేది, మాట మాత్రం మీదా అని. నాకు ఇస్కూలు నాటి పాఠం అంతే గుర్తుంది. అది వివరంగా రాయి. ఇచ్చేవాళ్లకు మాట ఉండాలనడం న్యాయమే కదా. ఆ మాట అడిగితే వినకపోతే వేరుపడటమూ న్యాయమే కదా.

ఎందుకని అడగొద్దు. ఊరికే.

మీ నాయన నిన్నంతా అహోబిలం రోడ్డులో ఎండకు తిరిగి వచ్చాడు. మజ్జిగ ఇస్తే ఏదో ఆలోచిస్తూ గ్లాసు పట్టుకునే కూర్చున్నాడు.

అత్త

నంద్యాల,
జూలై 10.

అత్తా,

నీకు గుర్తున్నది సరిగ్గానే ఉంది. ఇంగ్లాండు సభలో వాళ్ల మనిషి ఒక్కడూ లేడు, పన్నులు మాత్రం ఆ సభే వేసేది. 1773లో బోస్టన్‌లో రాత్రిపూట ఓడలెక్కి టీ పెట్టెలన్నీ సముద్రంలో పారబోశారు. మూడేళ్లకు, మేం వేరు, మీరు వేరు అని కాగితం రాసుకున్నారు. మనుషులంతా సమానంగా పుట్టారని అందులో ఉంది. చదివితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అయితే ఆ కాగితం రాసినాయన ఇంట్లో వందలమంది బానిసలు. సార్ ఈ మాట చెప్పి బోర్డు వైపు తిరిగి తుడవడం మొదలుపెట్టాడు. తస్నీమ్ నా చెవిలో, "మరి సమానం ఎవురికంట?" అన్నది.

ఇప్పుడు నేనడుగుతా. తస్నీమ్ నాయన దస్తగిరన్నకు వెల్డింగ్ షాపుంది కదా. అహోబిలం రోడ్డులో నాయన ఆయనతో రేకుల షెడ్డు వేయిస్తున్నాడంట. షెడ్డు మీద సిలువ కూడా చేయమన్నాడంట. నువ్వు నన్ను అమెరికా చుట్టూ తిప్పుతున్నావు. ఇంట్లో ఏం జరుగుతోంది?

షాలిని

ఆళ్లగడ్డ,
జూలై 21.

షాలూ,

దాచాలని కాదు. నీ పరీక్ష చెడుతుందని. తెలిసిపోయింది కాబట్టి విను.

పోయిన ఏడు గుడి ముందరి స్థలంలో కమిటీ వాళ్లు అంగళ్లు కట్టించి బాడుగకు ఇచ్చారు. సంఘాన్ని ఒక్క మాట అడగలేదు. సంపాదనలో పదోవంతు దశమభాగం తీసుకునేటప్పుడు మాత్రం ఇంటింటి పేరూ మైకులో చదువుతారు. మీ నాయన మూడు మీటింగుల్లో లేచి లెక్క అడిగాడు. ఎవరూ పలకలేదు. గుడి ప్రహరీ గోడకు రాళ్లు మోసిన మనిషి ఆయన. ఆ గోడ లోపలే ఆయన మాట చెల్లకపోతే ఎంత కష్టపడి ఉంటాడో నువ్వే అనుకో.

ఇప్పుడు పై వీధి ఇళ్లన్నీ ఆయన వెనక ఉన్నాయి. అక్టోబరు మొదటి ఆదివారం గుడిలోంచి లేచి నడిచి వచ్చేయాలని అనుకున్నారు. ఆ ఓడ భక్తుల కథ మీ నాయనే మీటింగులో చెప్పాడు. నేను సండే స్కూల్లో చెప్పింది కూడా ఆయన చెప్పమంటేనే.

నన్ను కూడా రమ్మంటున్నాడు. మీ అమ్మ పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో నా పొయ్యి, ఆయన సంపాదన. అన్న వెంట పోవడానికి నాకు ఆలోచనెందుకో తెలియదు. నువ్వు రాసిన టీ పెట్టెల సంగతి చదివి, పోవడం న్యాయమే అనుకున్నాను. మళ్లీ పొద్దునకు అది నిలవలేదు.

అత్త

నంద్యాల,
ఆగస్టు 3.

అత్తా,

లెక్క అడగడం న్యాయమే. నాయన పక్కన నేనున్నా అడిగేదాన్నే.

కానీ మాకు ఈ వారం ఇంకో వేరుపడటం చెప్పారు. 1860 డిసెంబరు నుంచి దక్షిణాది రాష్ట్రాలు ఒకదాని వెనక ఒకటి అమెరికా నుంచి విడిపోయాయి. వాళ్లూ తాతల పేరే చెప్పారు. మా తాతలు రాజు నుంచి విడిపోయారు, మేం మీ నుంచి విడిపోతాం, మా హక్కులు మావి అని. వినడానికి 1776 మాటల్లాగే ఉంటాయి. సార్ మమ్మల్ని లేపి, "హక్కు హక్కు అంటాండారు. ఏం చేసుకునే హక్కో అడగండి" అన్నాడు. మొదట విడిపోయిన రాష్ట్రం తన కారణాలు తానే రాసి పెట్టింది. అందులో పన్నులు కాదు ముఖ్యం. బానిసలను ఉంచుకునే హక్కు. నాలుగేళ్లు యుద్ధం జరిగి, ఆరు లక్షలకు పైగా చచ్చి, చివరికి బానిసత్వం పోయింది.

ఇంకొకటి సిలబస్‌లో లేదు, సార్ చెప్పాడు. దేశం కంటే ముందు అక్కడ గుళ్లు చీలిపోయాయంట. 1845లో బాప్టిస్టులు రెండుగా విడిపోయారు. బానిసలున్న మనిషిని మిషనరీగా పంపొచ్చా, పంపకూడదా అని తగాదా. పైకి మాత్రం కమిటీ అధికారాల గురించి మాట్లాడుకున్నారంట.

అంగళ్లు కట్టింది పోయిన ఏడు అన్నావు. మరి అందరూ లేచి పోవాలని ఈ ఏడే ఎందుకు అనుకున్నారు? ఈ మధ్యలో ఏమైంది అత్తా?

షాలిని

ఆళ్లగడ్డ,
ఆగస్టు 9.

షాలినికి,

నీకు చదువు చెప్పించింది మీ నాయన. ఆయన మీద తీర్పు చెప్పడానికి కాదు. ఇకమీదట అమెరికా సంగతులు నాకు రాయొద్దు. నీ పరీక్ష నువ్వు రాసుకో.

కారప్పొడి దస్తగిరి చేత పంపిస్తున్నాను.

దెబోరా

ఆళ్లగడ్డ,
ఆగస్టు 30.

షాలూ,

నువ్వు ఉత్తరం రాయలేదు. రాయొద్దన్నది నేనే. ఫోనులో నువ్వు, "అత్త బాగుందా" అని మీ నాయనను అడిగితే పక్కనే ఉండి కూడా ఊరుకున్నాను.

నువ్వడిగినదానికి జవాబు చెప్తా. మే నెలలో కొత్త సంఘ పెద్దలను ఎన్నుకున్నారు. లూదియాను పెట్టారు. అంగన్‌వాడీ టీచరు, కింది వీధి పిల్ల, నీకు తెలుసు. జూన్ మొదటి ఆదివారం ప్రభు బల్ల దగ్గర ద్రాక్షరసం గిన్నె ఆమె చేతికిచ్చారు. మన గుడిలో ఇప్పటికీ ఒకటే గిన్నె. మోకరించినవాళ్ల నోటికి పెద్దలు వరుసగా అందించుకుంటూ పోతారు. ఇన్నేళ్లూ ఆ గిన్నె పై వీధివాళ్ల చేతిలోనే ఉండింది. క్రైస్తవుల్లో కులం లేదని ఊరంతా చెప్తాం. పెళ్లి సంబంధం వస్తే మాత్రం ముందు ఏ వీధి అని అడుగుతాం.

ఆ రోజు పై వీధి మగవాళ్లెవరూ మోకరించలేదు, ఆడవాళ్లెవరూ చాపల మీంచి లేవలేదు. నేనూ లేవలేదు. ఆ రోజు నా మోకాలు నిజంగానే వాచి ఉండింది షాలూ. మోకాలికి లేవలేదో, అందరూ లేవలేదని లేవలేదో, ఇన్ని రోజులు ఆలోచించినా నాకే తెలియడం లేదు. లూదియా గిన్నె పట్టుకుని మా చాప దాకా వచ్చి, కాసేపు నిలబడి, వెనక్కి పోయింది.

ఆ రాత్రి నుంచే మన హాల్లో మీటింగులు. అంగళ్ల సంగతి అంతకు ముందూ ఉంది, అబద్ధం కాదు. లూదియా పేరు ఒక్కరూ ఎత్తరు. లెక్కలనే అంటారు. మీ నాయన కూడా లెక్కలనే నమ్ముతున్నాడేమో. ఒక్కోసారి నేనూ నమ్ముతాను. నేను నడిచి వస్తే ఏ కారణానికి వచ్చినట్టు? అన్నకు ఎదురు నిలిస్తే ఈ ఇంట్లో ఎట్లా ఉండేది?

అమెరికా సంగతులు మళ్లీ రాయి. అవి చదువుతుంటే నా సంగతి కాసేపు వేరేవాళ్ల సంగతిలాగా ఉంటుంది.

అత్త

నంద్యాల,
సెప్టెంబరు 12.

అత్తా,

నీ ఉత్తరం చదివి క్లాసుకు పోలేదు. నాకు నాయన మీద కోపం వచ్చింది. తర్వాత, చిన్నప్పుడు నన్ను భుజాన వేసుకుని కృతజ్ఞతల పండుగలో గుమ్మడికాయ వేలం పాడింది ఈ నాయనే కదా అనిపించింది. కోపం కూడా పూర్తిగా రావడం లేదు.

మిగతా చరిత్ర చెప్తా. బానిసత్వం పోయిందన్నాను కదా. పన్నెండేళ్లకు ఉత్తరాది సైన్యం దక్షిణాది నుంచి తప్పుకుంది. మళ్లీ పాతవాళ్లదే రాజ్యం. నల్లవాళ్లకు వేరే బడి, వేరే కొళాయి, బస్సులో వెనక సీటు. 1896లో కోర్టు కూడా, వేరువేరుగా ఉంచినా సమానమే, తప్పులేదు అన్నది. దాన్ని తప్పని తిప్పి రాయడానికి యాభై ఎనిమిదేళ్లు పట్టింది. 1955లో ఒక ఊళ్లో నల్లవాళ్లు ఏడాదికి పైగా బస్సెక్కకుండా నడిచారు. 1964లో చట్టం వచ్చింది. 2008లో ఒక నల్లాయన దేశాధ్యక్షుడిగా గెలిచాడు. అంతటితో కథ సుఖాంతం అని రాస్తే సార్ ఎర్ర పెన్నుతో కొట్టేశాడు. 2020లో లక్షలమంది ఆ పాత సంగతికే మళ్లీ రోడ్ల మీదికి వచ్చారని గుర్తుచేశాడు.

నువ్వు ఒప్పా తప్పా అనే అడుగుతావు. రెండు వందల ఏళ్లకు పైబడిన ఒక సంగతి దొరికింది. ఫిలడెల్ఫియాలో ఒక గుడిలో నల్లవాళ్లు మోకరించి ప్రార్థన చేస్తుంటే, ఇది మీ చోటు కాదని పెద్దమనుషులు వచ్చి రెక్క పట్టి లేపబోయారంట. ప్రార్థన అయ్యాక వాళ్లంతా లేచి బయటికి నడిచారు. తమ గుడి తాము కట్టుకున్నారు. అదీ వేరుపడటమే. ఎవరూ తప్పనరు.

కాబట్టి లేచి నడవడంలో ఒప్పూ లేదు, తప్పూ లేదు. ఎవరి పక్కనుంచి లేస్తున్నామన్నదే చూడాలని నాకు తోస్తోంది. ఇంతకు మించి నాకు తెలియదత్తా. నేను నీ ఇంట్లో లేను, నీ చాప మీద లేను. ఇక్కడ కూర్చుని చెప్పడం సులభం.

షాలిని

ఆళ్లగడ్డ,
అక్టోబరు 6.

షాలూ,

నేను నడిచి వచ్చేశాను.

బల్ల మీది తెల్లగుడ్డ తీయగానే లేవాలని అనుకున్నారు. పొద్దున్నే మీ నాయన నా గది ముందర నిలబడి, "నువ్వు నా వెంట రా. ఏం అడగొద్దు" అన్నాడు. నలభై ఏళ్లుగా నేను ఆయనను ఏం అడిగానని. సరేనన్నాను.

గుడ్డ తీశారు. ముందు మగవాళ్లు లేచారు. చాపల మీద ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని లేచారు. పక్కన కూర్చున్నవాళ్లు లేస్తుంటే చాప కదిలింది, నేనూ లేచాను. ముసుగు ముందుకు లాక్కుని, ఎవరినీ చూడకుండా నడిచాను. పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పిన మాట, ఆశీర్వాదానికి ముందు లేవకూడదని. గడప దాటేటప్పుడు అయ్యగారి గొంతు ఆగిపోయింది. లోపల ఎవరో మెల్లగా ఏడుస్తున్నారు. ఎవరో చూడలేదు.

షెడ్డులో ప్రసంగం బాగుంది. లౌడ్‌స్పీకరు కొత్తది. మీ నాయన సాక్ష్యం చెబుతూ స్వాతంత్ర్యం అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను.

నువ్వు రాసిందంతా అర్థమైంది. అర్థమయ్యే లేచాను. నాకు నేనే అర్థం కాలేదు.

అత్త

నంద్యాల,
అక్టోబరు 9.

అత్తా,

నేనక్కడే ఉన్నాను.

శనివారం సార్‌ను అడిగి సెలవు పెట్టి, ఆదివారం తెల్లవారి బస్సుకు వచ్చాను. ఇంటికి వస్తే నాయన ముందర నోరు పెగలదని నేరుగా గుడికి వచ్చి తలుపు పక్క చివరి చాప మీద కూర్చున్నాను. నువ్వు నా పక్కనుంచే పోయావు. నీ చీర చెంగు నా భుజానికి తగిలింది. పట్టుకుని ఆపుదామని చెయ్యి ఎత్తాను. నేనెవర్ని ఆపడానికి అనిపించి దించేశాను. నాయన కూడా నన్ను చూడలేదు.

మీరు పోయాక సగం గుడి ఖాళీ. అయ్యగారు ఏం చేయాలో తెలియక పాట ఎత్తుకున్నాడు. లూదియక్క గిన్నె పట్టుకుని ఖాళీ చాపల మధ్య నుంచి నా దగ్గరికి వచ్చింది. నేను మోకరించాను. నా పళ్లకు గిన్నె అంచు తగిలింది. తాగాను. గొప్ప పని చేసినట్టు ఏమీ అనిపించలేదు. నాయనకు తెలిస్తే ఎట్లా అనే భయమే వేసింది.

ఆశీర్వాదం అయ్యాక లూదియక్క నన్ను అడిగింది ఒకటే. "మీ అత్తకు మోకాలెట్లుంది?" అని. ఎగతాళి లేదు అందులో. నేనేం చెప్పేది? బాగైంది, నడుస్తోంది అన్నాను.

నీ మీద కోపం లేదు. ఉంటే బాగుండేది.

షాలిని

ఆళ్లగడ్డ,
నవంబరు 2, ఆదివారం.

షాలూ,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. నీ భుజానికి తగిలింది నా చెంగేనా అని రోజూ అనుకుంటున్నాను.

ఈ రోజు షెడ్డులో నేను పిల్లలకు పాఠం చెప్పాల్సి వచ్చింది. ముందర కూర్చున్నవాళ్లంతా పై వీధి పిల్లలే. ఓడ భక్తుల కథే మళ్లీ చెప్పమన్నారు. మొదలుపెట్టాను. ఓడ ఎక్కారు, గాలివాన వచ్చింది. ఇక నా వల్ల కాలేదు. పాటల పుస్తకం మూసి, ఇంకో టీచరుకు అప్పగించి బయటికి వచ్చాను. అహోబిలం రోడ్డు నుంచి గుడి దాకా నడిచాను. ఆటో ఎక్కాలని కూడా తోచలేదు. ఈ మోకాళ్లతో నేను పోయేసరికి అంతా అయిపోయింది. చెప్పులు కూడా లేవు గుమ్మంలో.

లూదియా ఒక్కతే కొళాయి దగ్గర ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఏం అడగాలో తెలియక, "అయిపోయిందా?" అన్నాను.

"గిన్నె కడిగేసినామక్కా," అన్నది. కొళాయి కట్టేసి, "వచ్చే నెల మొదటి ఆదివారం బేగా రా," అన్నది. నన్ను కూర్చోమనలేదు, తిట్టలేదు. నేను నెల రోజులు తయారుచేసుకున్న మాటలు ఒక్కటీ చెప్పే పని పడలేదు.

ఇంటికి వచ్చి మీ నాయనతో చెప్పాను. వచ్చే నెల నేను ఆ గుడికే పోతాను అన్నా అని. ఆయన కేకలేయలేదు. అదే భయం వేసింది. బాడుగ లెక్కలు అడిగితే నేనూ నీ పక్కన నిలబడి అడుగుతాను, గిన్నె సంగతికి మాత్రం నీ వెంట రాను అన్నాను. లూదియా పేరు ఈ ఇంట్లో గట్టిగా పలికింది ఈ రోజే. గిన్నెకూ దీనికీ సంబంధం లేదన్నాడు. మరి జూన్ నెలలో నువ్వెందుకు మోకరించలేదు అన్నాను. కండువా తీసి మడతలు సరిచేయసాగాడు. ఆయనకు కూడా తెలియదేమో అనిపించింది.

చివరికి, "ఆమె చేతి గిన్నె నీకు కావాల్నా? అట్లయితే నీ చేతి కూడు నాకొద్దు" అని లేచి పోయాడు. సాయంత్రం దస్తగిరి షాపు పక్క హోటలు నుంచి పొట్లం తెచ్చుకుని హాల్లో పెట్టుకున్నాడు. నా పొయ్యిని నా గదిలోకి మార్చుకోమన్నాడు. మార్చుకున్నాను. నిజం చెప్పాలంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లలో ఆయన నా చేతి అన్నం కాదనడం ఇదే.

హాల్లో పొట్లం ఇంకా విప్పలేదు, ఇక్కడికి కనిపిస్తోంది. నువ్వు సెలవు దొరికితే రా, దొరక్కపోయినా రా. నేను అలవాటు కొద్దీ ఇద్దరికీ సరిపడా వండేశాను. పిలవాలో వద్దో తెలియక, కంచాలు రెండు పెట్టుకుని కూర్చుని నీకిది రాస్తున్నాను.

అత్త